కుడి చెంప మీది చుక్కలు

నేను అడవిలో సింహాన్ని ఇంతవరకూ చూడలేదు. చిన్నప్పుడు హైదరాబాద్ జూలో ఒకటి కందకం అవతల అటు తిరిగి పడుకుని ఉంటే దాని వీపు చూసి వచ్చాం, అంతే. అయినా ఆఫ్రికాలోని ఒక అభయారణ్యంలో తిరిగే మూడు మగ సింహాల ఫోటోలు కలిపేసి నా ముందు పోస్తే, ఏ ముఖం ఎవరిదో విడదీసి చెప్పగలను. అలా చెప్పగలిగినవాళ్ళు లోకంలో ఎక్కువమంది ఉండరు. వాళ్ళలో హనుమకొండ మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. పాప నిద్రపోయింది. మా ఆయనకు పొద్దున్నే షిఫ్ట్, ఆయనా పడుకున్నాడు. ఈ సంగతి ఎవరికైనా గొప్పగా చెప్పుకోవాలని చాలా రోజులుగా ఉంది. ఇందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఉంది. అదీ రాస్తాను.

మేం కెనడాలో, ఒంటారియోలోని లండన్‌కు వచ్చిన ఏడాది, కాలేజీకి పోయే బస్సులో సగం మాటలు తెలుగులోనే వినపడేవి. వెనక సీటులో ఒకరు కరీంనగర్ యాసలో షిఫ్టులు దొరకడం లేదని, ముందు సీటులో ఒకరు భీమవరం యాసలో రూమ్ దొరకడం లేదని ఫోన్లో చెప్పుకునేవాళ్ళు. నేనూ వాళ్ళలాగే స్టడీ పర్మిట్ మీద వచ్చాను, రెండేళ్ళ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ డిప్లొమాకు. తేడా ఏమిటంటే నాకు అప్పటికే మూడేళ్ళ కూతురు ఉంది, వరంగల్‌లో చదివిన ఎమ్మెస్సీ జువాలజీ ఉంది. ఊళ్ళో కన్సల్టెన్సీ అతను నా సర్టిఫికెట్ తిరగేసి, "జువాలజీతో అక్కడ ఏం జరగదు మేడమ్, మేనేజ్‌మెంట్ పెట్టేద్దాం" అన్నాడు. పెట్టేశాం. క్లాసులో నూట ఇరవై మందిమి. అందరం అదే మేనేజ్‌మెంట్.

ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పై అంతస్తులో కడప నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది, మా కాలేజీయే. వంటగది మాత్రం అందరికీ ఒకటే, పైన. నన్ను "అక్కా" అనేది కానీ, చెల్లెలి మాట తీరు ఒక్కటీ ఉండేది కాదు. నా పప్పుచారులో కారం లేదని మొదటి వారమే చెప్పింది.

యూనివర్సిటీలో ఒక ల్యాబ్‌కు పార్ట్‌టైమ్ మనుషులు కావాలని నోటీసు చూపించింది ఆ అమ్మాయే. "సింహాల ఫోటోలు చూసే పనంట. నీ జువాలజీకి సరిపోతాదేమో చూడు. నాకైతే వద్దు, నేను మా మేనేజర్‌ను చూస్తే చాలు."

వెళ్ళాను. ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ అరవైకి దగ్గర పడిన ఆవిడ. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, చేతిలో ఎప్పుడూ టీ ఫ్లాస్క్. తనను పేరు పెట్టి పిలవమంది. మా ప్రొఫెసర్లను "సార్", "మేడమ్" అని తప్ప పిలిచి ఎరగని నోటికి ఆ పేరు రాలేదు. అలాగని ఇక్కడ "మేడమ్" అంటే నవ్వుతారు. కాబట్టి రెండేళ్ళూ ఆవిడను ఏమీ పిలవకుండా, ఆవిడ నా వైపు చూసేదాకా ఆగి, అప్పుడు మాట్లాడాను.

పని ఇది. అభయారణ్యంలో చెట్లకు కెమెరాలు కట్టి ఉంటాయి. ముందు నుంచి ఏదైనా కదిలితే ఫోటో పడుతుంది. వేలకొద్దీ ఫోటోలు వస్తాయి, వాటిలో సింహాలున్నవి తీసి, ఏ ఫోటోలో ఉన్నది ఏ సింహమో చెప్పాలి. జూలు చూసి చెప్పడానికి లేదు, అది ఏడాదికేడాది నల్లబడుతుంది, పెరుగుతుంది. గాయాలు మానిపోతాయి. పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా మారనివి మీసాలు మొలిచే చోట చెంప మీద ఉండే చుక్కలు. అవి వరసలు వరసలుగా ఉంటాయి. పై వరసలో రెండో మూడో చుక్కలే ఉంటాయి. ఆ చుక్కలు కింది వరసలోని చుక్కలకు ఎక్కడ పడ్డాయన్నదే సింహం గుర్తు, మనకు వేలిముద్ర లాగా.

ప్రొఫెసర్ తెర మీద ఒక చెంప పెద్దది చేసి చూపించి, పై చుక్క కింది చుక్కకు సరిగ్గా మీద ఉందా, రెండు చుక్కల మధ్యన ఉందా గమనించమంది. మిగతా పార్ట్‌టైమ్ వాళ్ళు స్కేళ్ళు పట్టుకుని కూర్చున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. సరిగ్గా మీదుంటే ఎదురు చుక్క, మధ్యన పడితే సందు చుక్క. ఏడేళ్ళ వయసు నుంచి పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు ముగ్గు పెట్టినదాన్ని. అమ్మ వంగి చుక్కలు పెడుతుంటే లెక్క తప్పితే నేనే చెప్పేదాన్ని. ఒక చెంపకు వాళ్ళు పది నిమిషాలు తీసుకుంటే నేను ఒక నిమిషం తీసుకునేదాన్ని. స్కేలు అక్కర్లేదు. చూడగానే "సందు, ఎదురు, సందు" అని నోట్లో అనుకుని కాగితం మీద పెట్టేసేదాన్ని. రెండు నెలల్లో, సింహానికో పేజీ ఉండే ఆ ఫైల్లో మగవాటి పేజీలన్నీ నా చేతికే ఇచ్చారు.

డిప్లొమా అయ్యేసరికి ఆ ల్యాబ్‌లో ఒక ఫుల్‌టైమ్ పోస్ట్ రాబోతోంది, సింహాల కేటలాగ్ అంతా చూసుకునే పని, రెండేళ్ళు. "నువ్వు అప్లై చెయ్" అంది ప్రొఫెసర్ ఒకరోజు ఫ్లాస్క్ మూత తిప్పుతూ. అది వస్తే డిప్లొమా తర్వాత వచ్చే వర్క్ పర్మిట్‌లో ఎక్కువ కాలం నా జువాలజీ మీదే గడుస్తుంది, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్‌కు అప్లై చేసేటప్పుడు రాసుకోవడానికీ పనికొస్తుంది. రాకపోతే మా ఆయన పనిచేసే వేర్‌హౌస్‌లోనే నాకూ ఒక పచ్చ జాకెట్ సిద్ధంగా ఉంది. ఆ పని తక్కువదని కాదు. కానీ ఆ జాకెట్ వేసుకున్న రోజు జువాలజీ నన్ను పూర్తిగా వదిలేస్తుందని నాకు తెలుసు.

ల్యాబ్‌లో సింహాలకు నంబర్లే ఉంటాయి. నేను చూసే ఇలాకాను ఏలుతున్నవి మూడు మగవి. వాటికి నేను పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పేర్లు పెట్టుకున్నాను. చిన్నోడికి ఎడమ చెవి సగం తెగి ఉండేది. మగపిల్లలను రెండు మూడేళ్ళ వయసులో గుంపు నుంచి వెళ్ళగొడతారు. ఆ తర్వాత దేశదిమ్మరుల్లా తిరుగుతూ, ఎవరో ఒకరితో జత కట్టి కూటమిగా మారతాయి. ఒంటరి మగ సింహానికి ఇలాకా నిలబడదు. ఇద్దరో ముగ్గురో కలిసి ఏ గుంపునో గెలుచుకుంటే, రెండేళ్ళో మూడేళ్ళో దాన్ని కాచుకుంటాయి. హద్దు పొదల మీద వాసన చల్లి, మైళ్ళ దూరం వినపడేలా గర్జించి, రోజూ చుట్టూ తిరిగి వస్తాయి. వాటి సరిహద్దు తిరుగుడు అంతా నా కంప్యూటర్‌లో గీతలు గీతలుగా ఉండేది. కూటమిలో ఉన్నవి అన్నదమ్ములే కానక్కర్లేదని, ముక్కూ ముఖం తెలియని రెండు సింహాలు కూడా జీవితాంతం కలిసి ఉంటాయని ప్రొఫెసర్ చెప్పింది. నేను తలూపాను. పేర్లు మాత్రం మార్చలేదు.

వాటి గుంపులో ఆడవి నాలుగు, పిల్లలు ఐదు.

జనవరిలో అక్కడివాళ్ళు ఒక కెమెరాను మార్చారు. వాగుకు ఇవతలి గట్టు మీద ఉన్నదాన్ని తీసి అవతలి గట్టు మీద, దక్షిణం హద్దులో కట్టారు. మొదటి వారం ఫోటోల్లోనే కనబడ్డారు. ఇద్దరు కొత్త మగవాళ్ళు. చుక్కలు మా ముగ్గురిలో ఎవరివీ కావు. ఒకసారి చూశాను, మూడుసార్లు చూశాను. ఒకదానికి పై వరసలో మూడు చుక్కలు, ఇంకోదానికి రెండూ సందు చుక్కలే. అంతకన్నా ఘోరం, నాలుగో ఫోటోలో ఆ కొత్తవాళ్ళ పక్కనే నడుస్తున్నది తెగిన చెవి చిన్నోడు. తల ఒకదాని మెడకు రాస్తున్నాడు కూడా. సొంతవాళ్ళ దగ్గర మాత్రమే అలా రాస్తారు.

ఆ సాయంత్రం వంటగదిలో కడప అమ్మాయి ఉల్లిపాయలు కోస్తూ అడిగింది. "ఏమక్కా, ఈ పొద్దు మన సింహాలు ఏం చేస్తాండాయి?"

"చిన్నోడు పోయి పరాయోళ్ళతోని కలిసిండు."

"అంటే? కూటమి మార్చినాడా? ఎలక్షన్లు గూడా లేవు గదా."

"నవ్వకు. వాళ్ళు ఇటు దిక్కు వస్తే పిల్లలను ఉంచరు."

కత్తి ఆపింది. "ఉంచరంటే?"

చెప్పాను. కొత్త మగవి గుంపును గెలిస్తే మొదట పాత వాటి పిల్లలను చంపుతాయి. పిల్లలుండగా తల్లులు మళ్ళీ ఎదకు రావు. కొత్తవాటికి ఉన్నదే రెండు మూడేళ్ళు. అందులో తమ పిల్లలు పుట్టి పెరగాలి. ఎమ్మెస్సీలో ఇదంతా పరీక్షకు రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. అప్పుడు నాకు పాప లేదు.

"ఆ చెవి తెగినోడు వస్తే సంపుతా నేను," అంది ఆ అమ్మాయి. ఆ తర్వాత రోజూ వాణ్ణి తిడుతూనే ఉండేది. గిన్నె మాడినా వాడే కారణం.

నాకు మాత్రం ఆ ఐదు వారాలూ మనసు మనసులో లేదు. పాపను డేకేర్‌లో వదిలి బస్సెక్కేటప్పుడు వెనక్కి తిరిగి తిరిగి చూసేదాన్ని. డేకేర్ గేటు గడియ సరిగ్గా పడలేదని రెండుసార్లు బస్సు దిగి వెనక్కి వెళ్ళాను. ఒకసారి టీచర్ చిరాకు పడకుండా, గడియ ఎలా పడుతుందో నా చేత వేయించి చూపించింది. కొత్త ఫోటోల కట్ట రాగానే నేను మొదట వెతికేది మగవాటిని కాదు, పిల్లలను. ఐదు ఉన్నాయా? ఒక వారం నాలుగే కనిపించాయి. ఆ రోజు లంచ్ డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చాను. తర్వాతి వారం ఐదోది కనబడింది, తల్లి వెనక కాళ్ళ మధ్య దాక్కుని. ల్యాబ్‌లో అందరూ ఉండగానే కళ్ళు తుడుచుకున్నాను.

ప్రొఫెసర్ సంతోషం వేరు. మగ సింహం తన కూటమిని వదిలి ఇంకో కూటమిలో చేరడం చాలా అరుదని, ఇన్నేళ్ళలో తను చూడలేదని అంది. నా పేజీలు పక్కపక్కన పెట్టి పటం మీద ఐదు రంగులు వేసింది, ముగ్గురికి మూడు, కొత్తవాళ్ళకు రెండు రకాల ఎరుపు. దక్షిణపు హద్దులో ఎరుపు రంగు ప్రతి వారం కొంచెం లోపలికి వస్తున్నట్టు కనిపించేది. మార్చిలో ఒక గురువారం డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో దీన్ని చెప్పాలని నిర్ణయించింది. "సింహాలను గుర్తుపట్టింది నువ్వు. ఆ భాగం నువ్వే చెప్పు. పోస్ట్ సంగతి చూసే ఇద్దరూ ఆ రోజు వస్తారు," అంది. ఇంట్లో అద్దం ముందు నిలబడి ఇంగ్లిష్‌లో ప్రాక్టీస్ చేశాను. పాప మంచం మీద కూర్చుని వినేది. "మమ్మీ, యూ సెడ్ దట్ ఆల్రెడీ" అనేది.

సెమినార్‌కు రెండు రోజుల ముందు, మంగళవారం మధ్యాహ్నం, దక్షిణం కెమెరా నుంచి కొత్త కట్ట వచ్చింది. తెల్లవారుజాము ఫోటో, రంగులు బాగా ఉన్నాయి. కొత్తవాళ్ళలో మొదటివాడు, మూడు చుక్కలవాడు, నీళ్ళు తాగి తలెత్తి నేరుగా కెమెరాలోకి చూస్తున్నాడు. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. అంత దగ్గరగా, అంత నేరుగా పడిన ముఖం అదే మొదటిది. అలవాటుగా చుక్కలు చదివాను. కుడి చెంప: సందు, ఎదురు, సందు. సరే, వాడే. ఊరికే ఎడమ చెంప వైపు కూడా చూశాను. ఎదురు, సందు.

ఎదురు, సందు అంటే పెద్దోడు.

ఒకే ముఖానికి ఒక చెంప మీద పెద్దోడు, ఇంకో చెంప మీద పరాయివాడు. అప్పుడు లేచి ఫైల్ తీసి పెద్దోడి మొదటి పేజీ చూశాను. పేజీలో సింహం ముఖాలు రెండు అచ్చు వేసి ఉంటాయి, ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఎడమ చెంప మీద నా పెన్సిల్ చుక్కలు. కుడి చెంప మీద అవే చుక్కలు, అద్దంలో చూసినట్టు. ఆ కుడి చెంపను నేను ఏ ఫోటోలోనూ చూడలేదు. ఎలా చూస్తాను? ముఖాలు దగ్గరగా పడింది పాత కెమెరాలోనే, ఆ గట్టు మీద సింహాలన్నీ ఒకే దిక్కుకు, ఎడమ చెంప ఇటు పెట్టి నడిచేవి.

నడిపోడి పేజీ తీశాను, అదే. ఆడవాటిలో నేను వేసిన పేజీలు, అవే. ప్రొఫెసర్ మొదటి రోజే చెప్పింది, చూడనిది ఖాళీగా వదిలెయ్యమని. విన్నాను, తలూపాను. కానీ నా చేతికి ఆ మాట ఎక్కలేదు. అమ్మ ముగ్గు సగం వేసి అటు తిరిగితే మిగతా సగం ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. ఇటు ఉన్నదే అటు. ముగ్గులో ఒక పక్క ఖాళీగా వదలడమన్నది నేను పుట్టి ఎరగను. ఒక్కసారి కూడా ఆలోచించకుండా, ఎడమ చెంప పూర్తి కాగానే చెయ్యి దానంతటది కుడి చెంప మీదికి పోయి నింపేసింది. తనిఖీ చేసే పీహెచ్‌డీ విద్యార్థి ఎడమ చెంపలను ఫోటోలతో పోల్చి చూశాడు. కుడివి కూడా నేను చూసే పెట్టి ఉంటానని నమ్మాడు. సింహం రెండు చెంపలూ ఒకలా ఉండవు. కెమెరా అవతలి గట్టుకు పోగానే కుడి చెంపలు కనబడ్డాయి, నా కాగితాల మీద అవి పరాయివాళ్ళయ్యాయి. చిన్నోడిని మాత్రం చెవి పట్టించింది, వాడి చుక్కలు నేను చదవనేలేదు. వాడు ఎవరినీ వదల్లేదు. తన వాళ్ళతోనే, తన హద్దు మీదే, రోజూ లాగా నడుస్తున్నాడు.

ముందు వచ్చింది సంతోషమే. ఐదు వారాలుగా ఏ మగవాడు పిల్లల దగ్గరికి వస్తాడని వణికానో, వాడు వాళ్ళ నాన్న. ఆ సంతోషం మెట్లు దిగి బస్సు స్టాప్ దాకా ఉంది. బస్సులో కూర్చున్నాక గురువారం గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం మా ఆయనకు అన్నం పెట్టి అంతా చెప్పాను. ఆయన మొదట అడిగింది, "అయితే పిల్లలకేం కాదా?"

"పెద్దోడైతే వాళ్ళ నాయనే. రెండోవాని రెండు చెంపలు ఇంకా ఒక్క ఫోటోల పడలే. నడిపోడే అనుకుంటున్న. తెల్వదు."

"మరెందుకు ఏడుస్తున్నవ్?"

"పోస్ట్ పోతది. ఎల్లుండి ఐదు సింహాలని చెప్పాలె. ఉన్నయి మూడు."

పాప ఆయన పళ్ళెంలోంచి అప్పడం ముక్క తీసుకుంది.

"మా దగ్గర నేను తప్పు స్టిక్కర్ కొట్టిన అనుకో," అన్నాడు. "ఆ ట్రక్కు ఎక్కడికో విన్నిపెగ్ పోతది. ఒకసారి కొట్టిన. డాక్ మీదున్నప్పుడే సూపర్‌వైజర్‌కు చెప్పిన. మస్తు తిట్టిండు. కానీ ట్రక్కు ఆగింది."

"నాకెప్పుడు చెప్పలేదు."

"తిట్లు తిన్న ముచ్చట ఇంట్ల చెప్తరా?"

పెరుగు గిన్నె పెట్టడానికి వచ్చిన కడప అమ్మాయి గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. "అంటే అక్కా, ఇన్ని దినాలూ నేను చిన్నోడిని ఊరికే తిట్టినానా?"

"ఊరికేనే."

"పాపం," అంది, నిజంగానే బాధపడుతూ.

బుధవారం పొద్దున ప్రొఫెసర్ కంటే ముందే వెళ్ళి ఆవిడ గది బయట నిలబడ్డాను. ఆవిడ తాళం తీసి, కోటు విప్పి, నా వైపు చూసింది. ఫోటో, పెద్దోడి పేజీ పక్కపక్కన టేబుల్ మీద పెట్టి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. బయట మంచు తోసే బండి చప్పుడు దగ్గరికి వచ్చి దూరమైపోయింది.

"ఇలాంటి పేజీలు ఎన్ని?"

"అన్నీ," అన్నాను. "నేను వేసినవన్నీ."

"ఎందుకు నింపావు?" కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. గోడ మీది బోర్డు దగ్గరికి వెళ్ళి, ఏడు చుక్కలు సందు చుక్కలుగా పెట్టి, సగం ముగ్గు వేసి ఆగాను. "ఇప్పుడు మిగతా సగం ఎలా ఉంటుంది?" అని అడిగాను. ఆవిడ మార్కర్ తీసుకుని, ఒక్క క్షణం కూడా ఆగకుండా, ఇటు ఉన్నదే అటు వేసింది. వేశాక తన చేతినే చూసుకుంది.

"రేపు ఇదే చెప్పు," అంది. "ఐదు సింహాల కథ వద్దు. ఇది." పోస్ట్ గురించి ఏమీ అనలేదు. నేను అడగలేదు.

గురువారం పాతికమంది ఉన్నారు. పోస్ట్ సంగతి చూసే ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. ప్రాక్టీస్ చేసిన మాటలేవీ పనికిరాలేదు. బోర్డు మీద చుక్కలు పెట్టి, నా తప్పు మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. చుక్కలు మాత్రం తిన్నగానే పడ్డాయి, చేతికి అలవాటు. చివర్లో ముందు వరసలో ఒకాయన అడిగాడు. "మూడే అని ఇప్పుడెలా నమ్మాలి?"

"నమ్మకండి," అన్నాను. "రెండు చెంపలూ ఒకే ఫోటోలో దొరికింది ఒక్కదానికే. చెవి వల్ల తెలిసింది ఇంకొకటి. మూడోది నడిపోడో పరాయివాడో రుజువు లేదు. అది దొరికేదాకా మూడూ కావచ్చు, నాలుగూ కావచ్చు. ఆ పేజీలో కుడి చెంప ఖాళీగా ఉంచాను."

కంగారులో నంబరు చెప్పకుండా నడిపోడు అనే అన్నాను. ఎవరూ ఏమిటని అడగలేదు.

మరుసటి రోజు నుంచి పేజీలన్నీ మళ్ళీ మొదలుపెట్టాను. కుడి చెంపలన్నీ రబ్బరుతో చెరిపాను. చెరుపుతుంటే ఏదో అపశకునం చేస్తున్నట్టే ఉండేది, అలవాటు అలాంటిది. ఫోటోలో చూసిన చెంప మాత్రమే నింపి, కింద ఆ ఫోటో నంబరు రాశాను. మూడు వారాలు పట్టింది. ఆ పనిలో ఉండగా, నాకు ముందు ఎవరో వేసిన పేజీల్లో ఒక ఆడ సింహం రెండుసార్లు రెండు నంబర్లతో ఉండడం కనిపెట్టాను. ఆ తప్పు ముగ్గు వల్ల జరిగింది కాదు. దాన్ని పట్టుకున్నది మాత్రం ముగ్గు కన్నే. ఇది రాసేటప్పుడు కొంచెం గర్వంగానే ఉంది, ఉండనీ.

ఏప్రిల్ చివర్లో నడిపోడు దొరికాడు. కెమెరా వరసగా మూడు ఫోటోలు తీస్తుంది. మొదటిదానిలో అటు చూస్తున్నాడు, కుడి చెంప, రెండూ సందు చుక్కలు, అంటే మేము పరాయివాడనుకున్న రెండోవాడు. రెండోదానిలో ఏదో చప్పుడు విన్నట్టు తల తిప్పుతున్నాడు, ముఖం కదిలిపోయి మసకగా ఉంది. మూడోదానిలో పూర్తిగా ఇటు తిరిగాడు, ఎడమ చెంప. నడిపోడు. వాడి వీపు మీద ఒక పిల్ల ఎక్కి జూలు కొరుకుతోంది. పక్కన గడ్డిలో మూడు తలలు. ఐదోదాన్ని వెతకడానికి కొంచెం సేపు పట్టింది. చిన్నోడి తోక పట్టుకుని లాగుతోంది. తెగిన చెవి వెనక్కి వాల్చి, వాడు ఓర్చుకుంటున్నాడు.

ప్రొఫెసర్‌ను పిలవాలి. పేరు నోటికి రాలేదు. చేత్తో సైగ చేశాను. ఆవిడ వచ్చి నా కుర్చీ వెనక నిలబడి చూసి, పటం తెరిచి, మిగిలిన ఎరుపు రంగు కూడా తీసేసింది. ఇలాకా అంతా మళ్ళీ మూడు రంగులే. ముగ్గురూ ఒక్క అడుగు కూడా పోగొట్టుకోలేదు. ఆ ఐదు వారాలూ వాగు అవతల నిలబడి హద్దు కాస్తున్నారు.

పోస్ట్ వచ్చింది. రెండేళ్ళన్నది ఏడాదికి తగ్గించి ఇచ్చారు, పని చూసి పొడిగిస్తామని. ఆ ఉత్తరం మా ఆయన నా చేత రెండుసార్లు చదివించుకుని, మూడోసారి తనే చదువుకుని, వేర్‌హౌస్ బ్యాగులో పెట్టుకుని పోయాడు. అక్కడ ఎవరికి చూపించాడో నాకు చెప్పలేదు. ముందు పొడిగింపు కూడా రానీ అని నేనంటే, "ఊకో, కొన్ని రోజులన్న ఖుషీగ ఉండు" అన్నాడు. ఏడాది తర్వాత పొడిగించారు.

ఇప్పుడు ల్యాబ్‌లో కొత్త ఫారాలు. ఒక పేజీకి ఒక్క చెంపే, ఫోటో నంబరు లేకుండా నింపడానికి వీల్లేదు. సరిగ్గా మీద, మధ్యన అని పొడుగ్గా రాసే బదులు ఈ, ఎస్ అని రెండే అక్షరాలు. ఎదురు, సందు. పోయిన వారం కొత్తగా చేరిన కెనడా అమ్మాయి, ముక్కుకు పోగు పెట్టుకున్న పిల్ల, పక్క బల్ల మీద నుంచి తనలో తను చదువుకోవడం విన్నాను. "సండూ, సండూ, ఎడురూ." నేను సరిదిద్దలేదు. బాగానే ఉంది.

ఆడవి తమ పిల్లలను పెద్దచేశాయి. వాటిలో మగపిల్ల ఒకదాని పేజీ ఈ రోజే మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు వాణ్ణి గుంపు బయటికి తరుముతారు, ఎవరితోనో జతకట్టి ఇంకెక్కడో హద్దు తిరుగుతాడు. అప్పుడు ఎక్కడ కనబడినా గుర్తుపట్టాలంటే ఇప్పుడే రాసుకోవాలి. సాయంత్రం పాపను ల్యాబ్ నుంచే ఇంటికి తీసుకెళ్ళాల్సి వచ్చి, కాసేపు పక్కన కూర్చోబెట్టాను. తెర మీద వాడిని చూసి, "మమ్మీ, ఈజ్ దట్ చిన్నోడూస్ బేబీ?" అని అడిగింది. ముగ్గురిలో ఎవరి పిల్లో మాకు తెలియదని చెప్పాను. ఎడమ చెంప చుక్కలు మూడు, జాగ్రత్తగా పెట్టాను. పాప వేలు పెట్టి రెండో ముఖం చూపించింది.

"యూ ఫర్‌గాట్ దిస్ సైడ్."

"మరిచిపోలే," అన్నాను. "వాడింకా ఇటు తిరగలే."